వెనక్కి పారిన మిసిసిపీ

అట్లాంటా,
సెప్టెంబరు 3

నెనేన్‌కి,

మీరెలా ఉన్నారని అడగను. అడిగితే "బతికున్నాను కాబట్టే ఉత్తరం విప్పాను" అంటారు. జ్ఞానస్నానం రోజున నెనేన్‌గా, అంటే జ్ఞానతల్లిగా, నన్ను ఎత్తుకున్న చేతులకి అబద్ధం రాయకూడదని కాన్వెంట్ సిస్టర్లు నేర్పారు. అందుకని సంగతి రాస్తున్నాను. నా ఉద్యోగం మారింది. ఇన్నాళ్ళూ తప్పులు దిద్దే బల్ల దగ్గర కూర్చున్నాను. ఇప్పుడు పాఠాలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. బల్ల అదే రకం. కుర్చీకి మాత్రం చేతులున్నాయి.

మా కంపెనీ ఏం అమ్ముతుందని మీరు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ మాట తప్పించాను. పెద్ద ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి మన నల్లవాళ్ళ చరిత్ర, జాతి వివక్షను ఎదిరించే పద్ధతి, రెండూ కలిపి కంప్యూటరు మీద నలభై నిమిషాల్లో నేర్పుతాం. నాలుగు వందల ఏళ్ళకి నలభై నిమిషాలు. ప్రతి పేజీకీ ఒక గడియారం ఉంటుంది. అది తిరిగేదాకా తర్వాతి పేజీ రాదు. ఆ వ్యవధిలో జనం కాఫీ తెచ్చుకుంటారు. చివర పది ప్రశ్నలు. తప్పు నొక్కితే "పరవాలేదు, మళ్ళీ ప్రయత్నించండి" అని వస్తుంది. సరైనది తగిలేదాకా నొక్కుతూ పోవచ్చు. తగిలాక తెర మీద రంగు కాగితాలు రాలతాయి, పేరు రాసిన సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని గోడకి తగిలించుకున్నవాళ్ళు ఉన్నారు.

మా పై అధికారి మెరిడిత్ నా భుజం మీద చెయ్యి వేసి, "మాకు నీ గొంతు కావాలి ఓడిల్. అందులో నొప్పి ఉండాలి. కానీ వినేవాళ్ళకి మరీ నొప్పి పుట్టకూడదు" అంది. ప్రతి పాఠమూ ఆశతో ముగియాలన్నది ఇక్కడి రూలు. మనుషుల్ని చెట్లకి వేలాడదీసిన రోజుల గురించిన పాఠం కూడా.

చదువుకోమని ఈస్టర్‌కి మీరిచ్చిన మీ పాఠాల నీలం అట్ట నోటుపుస్తకం భద్రంగా ఉంది. చదువుతున్నాను.

మీ శనివారం తరగతి ఎలా నడుస్తోంది?

మీ ఓడిల్

*

పాయింట్ నార్సిస్, లూయిజియానా,
సెప్టెంబరు 12

ఓడిల్‌కి,

నీ ఉత్తరంలో నాలుగు తప్పులున్నాయి. ఎర్ర పెన్సిల్‌తో దిద్ది ఇదే కవర్లో పెట్టాను. సిస్టర్లు కామా ఎక్కడ పెట్టాలో నేర్పారు గానీ, ఎక్కడ మానాలో నేర్పలేదు.

నలభై నిమిషాలు! నేను రూ మాడకుండా వేయించడానికే నలభై నిమిషాలు పడుతుంది. అదింకా గంబో పులుసు కాదు, అడుగున వేసే పిండి మాత్రమే. తప్పు చెప్పినవాడిని "పరవాలేదు" అని బుజ్జగించే బడిలో నువ్వు పంతులమ్మవయ్యావు. నా చెల్లెలు, నీ తల్లి, బతికుంటే నవ్వేది. అది నాకంటే మంచిది కాబట్టి నవ్వి ఊరుకునేది.

తరగతి నడుస్తోంది. చర్చి హాల్లో ఉన్న ఆ ముసలి కంప్యూటరు ముందు శనివారం పదింటికి కూర్చుంటాను. నాలుగు ఊళ్ళనుంచి పదకొండు మంది పిల్లలు తెర మీదికి వస్తారు. కెల్వాంటే వాళ్ళ నాన్న ట్రక్కులోంచి వస్తాడు. జకాయాకి పదేళ్ళు. వాళ్ళ బామ్మ జుట్టు దువ్వే షాపులో, తల ఆరబెట్టే టోపీ కింద కూర్చుని వస్తుంది. ఆ మోతలో అది అరిచి మాట్లాడుతుంది, నేనూ అరుస్తాను. ఇక్కడి బడుల్లో మన చరిత్ర చెప్పడం మానేసి రెండేళ్ళయింది. చెప్తే ఎవరో ఒకరి అమ్మ ఫిర్యాదు రాస్తుందట. కాబట్టి ఈ పదకొండు మందికీ నేను తప్ప దిక్కు లేదు. ఇది గొప్పకి రాయడం లేదు. విసుక్కుంటూ రాస్తున్నాను.

ఒక చిక్కుంది. మన ఊరి ఆల్సీడ్ శనివారాలు హాలు తనకి కావాలంటున్నాడు, బింగో, అదే ఆ అంకెల ఆట, ఆడించడానికి. క్రిస్మస్ ముందరి అడ్వెంట్ రాకముందే హాలు సంఘం కూర్చుని తేలుస్తుంది. ఏడుగురిలో ముగ్గురు ఇప్పటికే అంకెల వైపున్నారు. హాలు పోతే తరగతి పోయినట్టే. ఈ ఊళ్ళో ఇంటర్నెట్ నిలబడేది అక్కడొక్కచోటే.

నోటుపుస్తకం పంపు. పాఠాలన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా చేతిలో కాగితం ఉంటే నడుం నిటారుగా ఉంటుంది.

యులాలీ

*

అట్లాంటా,
అక్టోబరు 6

నెనేన్‌కి,

ఆలస్యానికి క్షమించండి. మా కొత్త కోర్సు బయటికి వచ్చింది. మూడు వారాల్లో నలభై ఒక్క వేలమంది పూర్తి చేశారు. పూర్తి చేయకపోతే జీతం ఆపుతామని వాళ్ళ ఆఫీసులు చెప్పాయి కాబట్టి ఆసక్తి బాగానే ఉంది.

కొనడానికి వచ్చిన ఒక ఇన్సూరెన్సు కంపెనీ పెద్దమనిషితో మీటింగులో నేనూ కూర్చున్నాను. ఆయన అడిగింది ఒక్కటే.

"ఇది చూశాక మావాళ్ళకి తాము చెడ్డవాళ్ళమని అనిపించదు కదా?"

"ఒక్కరికీ అనిపించదు" అంది మెరిడిత్. "గ్యారంటీ."

ఆయన నా వైపు తిరిగి, "మీరు చాలా ధైర్యవంతులు" అన్నాడు. నేను అప్పటికి నోరు విప్పలేదు. నీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపానంతే.

మూడో పాఠం 1811 నాటి తిరుగుబాటు. చెరుకు తోటల్లోంచి లేచి న్యూ ఆర్లీన్స్ మీదికి నడిచిన బానిసల కథ. దానికి కదిలే మ్యాపు గీయించారు. నీలం రంగు నది పారుతూ ఉంటుంది, దాని గట్టున ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే ఊరివైపు నడుస్తాయి. అవి చూసి మెరిడిత్ ఏడ్చింది. ఆవిడ వారానికోసారి ఏడుస్తుంది, బుధవారం మీటింగులో. ఏడ్చాక నన్ను కౌగిలించుకుంటుంది. తడిసిన జాకెట్టుతో మధ్యాహ్నం దాకా పని చేస్తాను.

పాఠాలు బాగున్నాయని అందరూ అంటున్నారు. నా పేరు కింద కొత్త హోదా వేశారు. మీకు ఇవన్నీ చిన్న విషయాలని తెలుసు.

నోటుపుస్తకం వచ్చే వారం తప్పక పంపుతాను. హాలు సంగతి ఏమైంది?

మీ ఓడిల్

*

పాయింట్ నార్సిస్,
అక్టోబరు 27

ఓడిల్‌కి,

పుణ్యాత్ముల పండక్కి సమాధులకి సున్నం వేస్తున్నాం. నీ తల్లిది నిన్న వేశాను. రెండో పూత రేపు. పండగ సాయంత్రం కొవ్వొత్తి నీ తరఫున కూడా పెడతాను.

హాలుకి తాళం పడింది. సంఘం ఇంకా కూర్చోలేదు, ఈ తాళం వేరు. ఎందుకు పడిందో నువ్వు అడగకు. నేనూ రాయను. రెండు వారాలుగా తరగతి నా వంటింట్లో, కెల్వాంటే తల్లి ఫోను కాఫీ డబ్బాకి ఆనించి నడుపుతున్నాను. పదకొండు మందిలో ఐదుగురి మొహాలు మాత్రం కనిపిస్తున్నాయి. మిగతావాళ్ళ గొంతులు బావిలోంచి వచ్చినట్టు వచ్చి తెగిపోతున్నాయి.

నీ మ్యాపులో నది ఎటు పారుతోంది? ఊరికే అడుగుతున్నాను.

యులాలీ

*

అట్లాంటా,
నవంబరు 5

నెనేన్‌కి,

నది ఎటు పారుతోందో చూశాను. సముద్రంలోంచి పైకి పారుతోంది.

ఎలా జరిగిందో ఇప్పుడు అర్థమైంది. చెరుకు తోటలు న్యూ ఆర్లీన్స్‌కి ఎగువన ఉన్నాయి. అక్కడినుంచి ఊరికి రావాలంటే నదితో పాటు రావాలి. మీ నోటుపుస్తకంలో "నదికి ఎదురు నడిచారు" అని ఉంది. బొమ్మ గీసినతను ఎక్కడో ఆరిగన్‌లో ఉంటాడు, మన నదిని ఎప్పుడూ చూడలేదు. చుక్కలు ఊరివైపు నడవాలి, నదికి ఎదురూ నడవాలి. రెండూ కుదరాలంటే నదినే తిప్పాలి. తిప్పేశాడు. నేను ఆ నదికి మైలు దూరంలో పుట్టాను. ఆ మ్యాపుకి సరే అని సంతకం పెట్టింది నేనే. మీరు తప్పు రాయరు కదా అని చూడలేదు.

మీకు అర్థమయ్యే ఉంటుంది. అయినా నా చేత్తో రాయాలి. ఆ పన్నెండు పాఠాలూ మీవి. ఏప్రిల్లో రెండు రోజులు కూర్చుని మీ నోటుపుస్తకంలోంచి మాట పొల్లుపోకుండా టైపు చేశాను. చివర్లలో ఆశ మాత్రం నేను కలిపాను. మెరిడిత్ "అద్భుతం, ఇదంతా నీలోంచే వచ్చిందా?" అంది. తలూపాను. నోటితో చెప్పలేదు కాబట్టి అబద్ధం కాదని ఆ రోజు అనుకున్నాను.

హాలుకి తాళం ఎందుకు పడిందో కూడా సోమవారం తెలిసింది. మా పాఠాల్ని ఎవరైనా కాపీ కొట్టారేమోనని వెతికే యంత్రం ఒకటి ఉంది. అది ఇంటర్నెట్‌లో ఉన్న మీ తరగతి పేజీని పట్టుకుంది. రాలేకపోయిన పిల్లల కోసం కెల్వాంటే తల్లి ప్రతి శనివారం పాఠం టైపు చేసి అందులో పెడుతుంది కదా. లాయర్లు ఆ పేజీ తీసేయమని, ఆ పాఠాలు చెప్పడం ఆపమని చర్చికి నోటీసు పంపారు. నోటీసులు వెళ్ళిన జాబితాలో మీ పేరు చూశాను. మీరు మూడు వారాలుగా ఆ సంగతి దాచి, నా తల్లి సమాధికి సున్నం వేశారు.

మెరిడిత్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఎవరో పల్లెటూరి చర్చివాళ్ళు నీ పాఠాలు కొట్టేశారు, ఓడిల్! నీ పాఠాలు! నల్లపిల్లలు రాసుకున్నది ఎత్తుకుపోవడం ఈ దేశంలో మామూలైపోయింది. నాకెంత బాధగా ఉందో నీకు తెలీదు."

అవి నా సొంత రచనలని రాసి ఉన్న కాగితం నా ముందు పెట్టింది. ఈ నెల పద్దెనిమిది లోపు సంతకం పెట్టాలి. పెడితే చరిత్ర విభాగం మొత్తం నాకు ఇస్తారు. పెట్టకపోతే ఏమవుతుందో చెప్పలేదు.

నేను ఇంకా పెట్టలేదు. పెట్టనని కూడా చెప్పలేదు.

ఓడిల్

*

పాయింట్ నార్సిస్,
నవంబరు 11

ఓడిల్,

ఈసారి నీ ఉత్తరం దిద్దలేదు. దిద్దడం ఒక మర్యాద. అది నీకు ఇప్పుడు చెయ్యను.

అక్టోబరు పదమూడున ఫాదర్ ఒబియోరా ఆ నోటీసు పట్టుకుని మా మెట్ల మీద నిలబడ్డాడు. పాపం, నైజీరియా నుంచి వచ్చి మూడేళ్ళే అయింది. ఈ దేశంలో లాయర్ల పేరు చెప్తే చాలు, పూజ కూడా మధ్యలో ఆపేస్తాడు.

"మిస్ యులాలీ, కోప్పడకండి. మీరు ఎక్కడైనా... చూసి రాశారా?"

"నేను ఈ పాఠాలు రాసినప్పుడు మీకు పళ్ళు కూడా రాలేదు ఫాదర్."

"అదే బిషప్ గారికి ఎలా చెప్పాలా అని..."

"నా పళ్ళ సంగతి చెప్పండి. పెట్టుడు పళ్ళని చెప్పండి."

నవ్వాడు, నవ్వుతూనే వెళ్ళి హాలుకి తాళం వేశాడు. ఆయన వెళ్ళాక నోటీసుకి జతచేసిన పాఠం చదివాను. మొదటి వాక్యానికే తెలిసిపోయింది. నా వాక్యాలు ఎక్కడ ఊపిరి తీసుకుంటాయో నాకు తెలీదా? చివర కలిపిన ఆ తియ్యటి నీళ్ళు ఎవరివో కూడా తెలిసింది. నువ్వే చెప్తావని ఎదురుచూశాను. నువ్వు చెప్పావు, నిజమే. తప్పించుకునే దారి లేనప్పుడు చెప్పావు. దాన్ని ఒప్పుకోవడం అనరు, పట్టుబడటం అంటారు.

నేను తప్పు రాయనని అన్నావు. రాస్తాను. పాఠానికొకటి, కావాలని.

మా చిన్నప్పుడు బడి పుస్తకంలో తోటల్లో మనవాళ్ళు పాడుకుంటూ సుఖంగా ఉండేవాళ్ళని ఉండేది. మా టీచరమ్మకి అది అబద్ధమని తెలుసు. అయినా గట్టిగా చదివించేది, పుస్తకంలో ఉంది కాబట్టి. నేను బెత్తం పట్టిన రోజున ఒకటి అనుకున్నాను. నా పిల్లలు పుస్తకాన్ని నమ్మకూడదు. నన్నూ నమ్మకూడదు. అందుకని ప్రతి పాఠంలో ఒక అబద్ధం కలుపుతాను. శనివారం విన్నది ఆదివారం పూజ లోపల పట్టుకోవాలి. పట్టుకున్నవాళ్ళు నాతో ముందు బెంచీలో కూర్చుంటారు. పట్టుకున్న పిల్ల ఇంకో పిల్లకి చెప్పకూడదు. నలభై ఏళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. చెల్లెలికి అక్క చెప్పలేదు.

నది సంగతి జకాయా నిమిషంలో పట్టుకుంది. మిగతావాళ్ళు తెర మీదనుంచి వెళ్ళేదాకా ఆగి, ఆ టోపీ కిందనుంచి ఒకటే అరుపు. "మిస్ యులాలీ! మా బామ్మ ఇల్లు నది పక్కనే! చచ్చిన చేపలు ఎటు కొట్టుకుపోతాయో మీరెప్పుడూ చూళ్ళేదా?"

నీ నలభై ఒక్క వేలమందిలో చచ్చిన చేపని చూసినవాడు ఒక్కడు లేడా? అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. గోడకి తగిలించుకున్నారు. వాళ్ళని ఏమనను? వాళ్ళు చదవడానికి రాలేదు, పాపం కడుక్కోవడానికి వచ్చారు. మరి నువ్వో?

నిన్ను నా తరగతిలో కూర్చోబెట్టలేదు. నీ తల్లి పోయాక సిస్టర్ల దగ్గర పెడితే పెద్ద చదువు చదువుతావనుకున్నాను. ఊళ్ళో పిల్లలందరికీ అనుమానించడం నేర్పాను, నా ఇంటి పిల్లకి అందంగా కాపీ రాయడం నేర్పించాను. అది నా తప్పు. దాన్ని అడ్డం పెట్టుకుని నీది చిన్నది చేసుకోకు.

ఆ కాగితం మీద సంతకం పెడితే మళ్ళీ నా గడప తొక్కకు. పెట్టకపోతే, జరిగింది జరిగినట్టు రాసి హాలు సంఘానికి పంపు. మిగతా పదకొండు అబద్ధాలూ ఇప్పుడు వెతక్కు. పరీక్ష అయిపోయాక చదివినట్టుంటుంది. పుస్తకం మూసి తాడు కట్టి పెట్టు. ఎప్పుడు విప్పాలో నేను చెప్తాను.

యులాలీ

*

అట్లాంటా,
నవంబరు 18

నెనేన్‌కి,

పుస్తకానికి తాడు కట్టాను. విప్పలేదు.

ఈ రోజు మెరిడిత్ గదిలో తెర మీద లాయరు కూడా ఉన్నాడు. కాగితం వెనక్కి జరిపి, పాఠాలు మా పెద్దమ్మవని చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు. లాయరు "కాస్త గట్టిగా" అన్నాడు. రెండోసారి చెప్పాను. అందులో పాఠానికొక అబద్ధం ఉందని, మిసిసిపీ వెనక్కి పారుతోందని కూడా చెప్పాను.

మెరిడిత్ లేచి తలుపు సరిగ్గా పడిందో లేదో చూసింది.

"ఎవరైనా కంప్లయింట్ చేశారా?" అన్నాడు లాయరు.

"లేదు."

"నలభై ఒక్క వేలమందిలో?"

"ఒక్కరూ చెయ్యలేదు."

"మరి సమస్య ఏంటి?"

మెరిడిత్ కాగితాలు తిరగేసింది. "తొంభై ఆరు శాతం మందికి తృప్తిగా ఉందని వచ్చింది. ఇంతవరకు ఏ కోర్సుకీ అంత రాలేదు. మిగతా పదకొండు ఏవి?"

"నాకు తెలీదు."

"తెలీదంటే?"

"చూడొద్దన్నారు. మన ఎడిటర్లని వెతకమనండి."

లాయరు తల అడ్డంగా ఊపాడు. వెతికితే వెతికినట్టు రికార్డు ఉంటుందట. దిద్దితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందట. కాబట్టి దిద్దరు. చర్చికి పంపిన నోటీసు మాత్రం గంటలో వెనక్కి తీసుకున్నారు. సిగ్గుపడి కాదు. ఈ సంగతి ఏ పేపరు వాళ్ళకైనా తెలిస్తే బాగుండదని. దాని నకలు ఇందులో పెడుతున్నాను, ఫాదర్‌కి చూపించండి.

"నువ్వు నన్ను ఎంత ఇబ్బందిలో పెట్టావో తెలుసా?" అంది మెరిడిత్. "నిన్నెంత నమ్మాను! ఇప్పుడు నా గదిలో నాకే భయంగా ఉంది." ఏడ్చింది. ఈ రోజు మంగళవారం. కౌగిలించుకోలేదు.

సాయంత్రం నాలుగింటికల్లా నా వస్తువులు ఒక అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. రెండు పుస్తకాలు, ఒక కప్పు, జపమాల. లిఫ్టు దగ్గర కొత్తగా చేరినవాళ్ళు ముగ్గురు తెర ముందు నిలబడి ఎర్ర చుక్కలు చూస్తున్నారు. ఒకతను "హృదయం కదిలిపోతోంది" అన్నాడు. వెనక నది కొండెక్కుతోంది.

సంఘానికి రాసిన ఉత్తరం కూడా పెట్టాను. ఆరుసార్లు తిరగరాశాను. ప్రతిసారీ చిన్నదైంది.

ఓడిల్

*

పాయింట్ నార్సిస్,
నవంబరు 24

ఓడిల్‌కి,

నిన్న పూజ అయ్యాక సంఘం కూర్చుంది. ఫాదర్ నీ ఉత్తరం చదివాడు. "దొంగిలించాను" అన్న మాట దగ్గర ఆయన గొంతు తగ్గింది. నేను "గట్టిగా చదవండి ఫాదర్" అన్నాను.

ఆల్సీడ్ లేచాడు. "దొంగే చెప్పాక ఇంక నమ్మేదేముంది? రేపు ఇంకో నోటీసు వస్తే? చర్చికి ఈ తలనొప్పి ఎందుకు? బింగోకి ఎవడూ నోటీసు ఇవ్వడు."

"బింగోలో దొంగిలించడానికి ఏముంది ఆల్సీడ్?" అన్నాను. "నీ పాఠంలో ఉన్నవి డెబ్బై ఐదు అంకెలు."

చేతులెత్తమన్నారు. నలుగురు నా వైపు, ముగ్గురు వాడి వైపు. హాలు తెరిచారు. నీ ఉత్తరం వల్లనని పొంగిపోకు. ఆ నాలుగో చెయ్యి నీ మాట విని లేవలేదు, ఆల్సీడ్ మొహం చూసి లేచింది. కానీ ఉత్తరం లేకపోతే ఓటు దాకా వచ్చేదే కాదు. అంతవరకు నీకు జమ.

నాతో లెక్క తేలలేదు. పిల్లలతో అసలు మొదలుకాలేదు. ఆరు వారాలు వాళ్ళ తరగతి ఎందుకు తెగిపోయిందో వాళ్ళకి తెలీదు. ఈ శనివారం పదింటికి తెర మీదికి వచ్చి నువ్వే చెప్పు. నేను ఆ గదిలో ఉండను. ఉంటే నీ మొహం చూసి జాలిపడతాను, అది నీకు మంచిది కాదు. కంప్యూటరు పెట్టేసి బయట పెకాన్ కాయలు ఏరుకుంటాను. కెల్వాంటే తల్లి తలుపు దగ్గర కూర్చుంటుంది, ఆవిడకి నీ మీద జాలి లేదు.

నోటుపుస్తకం దగ్గర పెట్టుకో. వాళ్ళు విప్పమంటే విప్పు.

యులాలీ

*

అట్లాంటా,
నవంబరు 30

నెనేన్‌కి,

మీరు లోపలికి రాలేదని కెల్వాంటే తల్లి చెప్పింది. కాబట్టి రాస్తున్నాను.

తెర మీద పదకొండు గళ్ళలో పదకొండు మొహాలు. బడిలో ఉన్నప్పుడు నేను ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. రాసుకున్న కాగితం చూసి చదవబోతే ట్రక్కులోంచి కెల్వాంటే, "చూసి చదువుతోందిరా" అన్నాడు. కాగితం పక్కన పెట్టేశాను. మీ పాఠాలు నేను ఎత్తుకెళ్ళి నావని చెప్పుకున్నానని, అందుకే హాలుకి తాళం పడిందని చెప్పాను. క్షమించమని అడగలేదు. మీరు అడగమనలేదు, నాకూ అడిగే మొహం లేదు.

"దొంగకి అచ్చం మిస్ యులాలీ మూతే" అంది ఎవరో చిన్నపిల్ల.

"పోలీసులు రాలేదా?" అన్నాడు ఇంకొకడు.

"రాలేదు. ఉద్యోగం పోయింది."

"అంతేనా?"

అంతే అన్నాను. వాళ్ళకి నచ్చలేదు.

జకాయా ఆ టోపీ కింద చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. వాళ్ళ బామ్మని యంత్రం ఆపమంది. మోత ఆగింది. అరవాల్సిన పని లేకపోయినా అలవాటు కొద్దీ అరిచింది.

"దొంగిలించే ముందు చదవలేదా?"

"కాపీ చేశాను."

"అది కాదు అడిగింది."

"లేదు. చదవలేదు."

ఆ పిల్ల నన్ను చూసిన చూపు మెరిడిత్ ఏడుపు కంటే, లాయరు తెర కంటే, మీ ఉత్తరం కంటే బరువుగా ఉంది. తను ఎంతో కష్టపడి ఎక్కిన చెట్టు కింద ఎవరో రాలిన కాయలు సంచిలో నింపుకుంటుంటే చూసినట్టు చూసింది.

"ఐదోది చదవండి" అంది. "పైకి."

తాడు విప్పాను. ముడి గట్టిగా పడింది, పళ్ళతో లాగాల్సి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఐదో పాఠం మొదలుపెట్టాను. నల్లవాళ్ళు వెనక నిలబడాల్సిన బస్సులు, ఖాళీ సీట్లు, కార్లలో ఎక్కించుకుని పనికి దించినవాళ్ళు. చదువుతూ పోయాను. పదకొండు మందీ నోళ్ళు బిగించి నన్ను చూస్తున్నారు. మాంట్‌గమరీ ఊరివాళ్ళు నిరసనగా బస్సులెక్కడం మానేశారు, వాళ్ళని చూసి నేర్చుకుని మన బాటన్ రూజ్ వాళ్ళూ మానేశారు అన్న వాక్యం చదివేసి, తర్వాతి వాక్యంలో సగం దాకా వెళ్ళాను.

ఆగాను.

బాటన్ రూజ్‌లో మానేసింది 1953లో. మాంట్‌గమరీ దానికి రెండేళ్ళ తర్వాత. నేర్చుకున్నది మనం కాదు, నేర్పింది మనం. మీ అమ్మ ఆ రోజుల్లో బట్టలుతికే ఇంటికి నడిచి వెళ్ళి నడిచి వచ్చింది. కాళ్ళు బొబ్బలెక్కితే మీరు ఉప్పునీళ్ళు పెట్టమని ఏడ్చారట, పెట్టేదాకా ఊరుకోలేదట. ఆ సంగతి మా అమ్మే నాకు చెప్పింది. ఏప్రిల్లో ఆ వాక్యాన్ని నేనే టైపు చేశాను. మా అమ్మమ్మ నడకని వేరే ఊరి తర్వాత పెట్టి, కింద ఆశ కలిపి, అమ్మాను.

"ఇది తప్పు" అన్నాను. ఎందుకు తప్పో చెప్పాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జకాయా షాపు గోడ మీది గడియారం చూసింది.

"ఆరు నిమిషాలు. కెల్వాంటేకి రెండు పట్టింది."

"ఒకటిన్నర!" అన్నాడు వాడు.

"ఆగారెందుకు? ఇంకా ఏడున్నాయి."

చదివాను. పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది. కెల్వాంటే నాన్న ట్రక్కు తీయాలని రెండుసార్లు హారన్ కొట్టాడు, వాడు దిగలేదు. బామ్మ షాపులో ఇద్దరు ఆడవాళ్ళు తడి జుట్టుతో వచ్చి జకాయా వెనక నిలబడి విన్నారు. ఒక్క గడీ ఆరిపోలేదు.

ఏడింటిలో నాలుగు పట్టుకున్నాను. మిగతా మూడు ఏవో ఎంత బతిమాలినా వాళ్ళు చెప్పలేదు.

నోటుపుస్తకం ఇంకొక్క వారం ఉంచుకోవచ్చా?

ఓడిల్